పన్నెండూ నలభై బస్సు

మా ఆయన ముప్పై రెండేళ్ళు బస్సు నడిపారు. కానీ ఆయనకి బస్సు ఎక్కడం రాదు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకి, ఒక అర్ధరాత్రి, విమానాశ్రయం బయట నాకు ఈ సంగతి తెలిసింది.

డిపోలో ఆయన్ని అందరూ గడియారం అనేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ఆరూ పది బస్సంటే ఆరూ పదికి కదలాల్సిందే. ఆరూ పదకొండుకి పరుగెత్తుకొచ్చినవాడు ఎంత గొప్పవాడి బావమరిదైనా సరే, పొగ పీల్చి ఇంటికి పోవలసిందే. "ఆలస్యం అమృతం విషం" అన్న మాట మా ఇంట్లో అన్నం కంటే ఎక్కువసార్లు వడ్డించారు. నేను జడ వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి నిమిషాలు లెక్కపెట్టేవారు. ఆ లెక్కలు వినీ వినీ నేను జుట్టు ముడేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మాకు ఒక్కతే కూతురు. వాళ్ళ నాన్న పనిచేసిన బస్సు కంపెనీలోనే ఏడేళ్ళు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంది. కూర్చుని కూర్చుని విసుగెత్తి, మాకు ఒక్క ముక్క చెప్పకుండా పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంది. వాళ్ళ నాన్న సంతోషించారా అంటే, లేదు, సలహాలు ఇచ్చారు. రాత్రిపూట విమానాశ్రయం నుంచి నగరానికి తిరిగే బస్సు దానికిచ్చారు. ఆరు నెలలు పరీక్షాకాలం. ఆ ఆరు నెలల్లో మూడుసార్లు ఆలస్యంగా బయల్దేరితే మళ్ళీ టికెట్ల కిటికీకే. ఇక స్టీరింగు మాట మరిచిపోవాల్సిందే.

రెండు ఆలస్యాలు మొదటి రెండు నెలల్లోనే పడ్డాయి. ఒకసారి చంటిబిడ్డతో ఒకావిడ పరుగెత్తుకొస్తుంటే ఆగింది. ఇంకోసారి ఒక ముసలాయన లోపల సంచి మరిచిపోయి వెనక్కి వెళ్తే ఆగింది. ఈయనకి తెలిసి ఇల్లు అదిరిపోయింది. జాలి ఎక్కువైనవాళ్ళు ఆస్పత్రి పెట్టుకోవాలి గానీ బస్సు నడపకూడదన్నారు. ఆ రాత్రి బస్సు నగరంలోకి వెళ్ళేది ఆఖరి రైలు అందుకోవడానికనీ, ఒకరి మీద జాలి పడితే నలభై మంది ప్లాట్‌ఫారం మీద తెల్లవార్లూ పడుకుంటారనీ అన్నారు. అది నిజమే. కానీ ఆ తర్వాత అన్న మాట నాకు ఒళ్ళు మండించింది. మూడోది కూడా పడుతుందట, దాని మనసు ఆయనకి తెలుసట. నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

నాలుగు నెలలు గడిచాయి. మూడోది పడలేదు. మా ఆడపడుచుకి ఆపరేషన్ అయితే చూడ్డానికి వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి మేనల్లుడు విమానం టికెట్లు కొనిచ్చాడు. సరిగ్గా ఆ రాత్రే మా అమ్మాయి పరీక్షాకాలానికి ఆఖరి రాత్రి. పొద్దున్న ఫోన్ చేసి, ట్యాక్సీ ఎక్కొద్దనీ, తన బస్సుకే రమ్మనీ అడిగింది. ఆరు నెలల్లో వాళ్ళ నాన్న ఒక్కసారీ ఆ బస్సు ఎక్కలేదు. పన్నెండూ నలభైకి బయల్దేరుతుందనీ, బయటికొచ్చాక ఏడో స్తంభం దగ్గర నిలబడితే చాలనీ నాకు రెండుసార్లు చెప్పింది. ఆయన తరఫున నేనే సరేనన్నాను.

పదకొండుకి దిగాల్సిన విమానం పన్నెండూ ఐదుకి దిగింది. "చూశావా, వీళ్ళకి టైమంటే లెక్కలేదు" అని ఆయన మబ్బుల్లోనే మొదలుపెట్టారు. పెట్టెలు వచ్చే బెల్టు దగ్గర మా పెట్టె లాంటివే పదకొండు వచ్చాయి గానీ మాది రాలేదు. మాది చేతికొచ్చేసరికి పన్నెండూ ఇరవై రెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు. ఏడో స్తంభం గాజుతలుపుల ఎదురుగా కనిపిస్తూనే ఉంది. కింద బల్ల, పైన లైటు, బల్ల మీద నలుగురు మనుషులు. ముసలీముతకా అయినా రెండు నిమిషాల్లో చేరిపోవచ్చు.

నేను అటు అడుగేశాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. గాజుగోడలోంచి దూరంగా, కార్లు నిలిపే చోటు దాటాక, కంచె వెనక, వరసగా నిలబెట్టిన బస్సుల్ని చూపించారు. మూడోదాని నెంబరు అంత దూరం నుంచి కూడా ఆయన చదవగలిగారు. "అదిగో అమ్మాయి బండి. పద" అన్నారు.

అమ్మాయి స్తంభం దగ్గరికి రమ్మంది కదా అంటే, నాకేం తెలియదన్నట్టు చూశారు. స్టాపు జనానికట. బస్సు అసలు మొదలయ్యేది యార్డులోనట. ముప్పై రెండేళ్ళు ఆయన యార్డుకే వెళ్ళారు, అక్కడే బండెక్కారు, అక్కడే దిగారు. స్టాపులో నిలబడి చెయ్యెత్తిన రోజు ఆయన జీవితంలో లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందని సామెత. నేనూ ఆ బల్లి వెనకాలే నడిచాను. నా మోకాలికి వాపుంది, పెట్టె చక్రం ఒకటి తిరగడం లేదు. కార్ల మధ్యలోంచి, సిమెంటు దిమ్మల చుట్టూ తిరిగి, కంచె గేటు దగ్గరికి వెళ్ళేసరికి పది నిమిషాలు పట్టింది.

గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ప్రయాణికులు ఇటు రాకూడదన్నాడు. మీరడిగే బండి లోపలి రోడ్డున స్టాపుకి వెళ్ళిపోయిందన్నాడు. నిజమే, మూడో బస్సు ఉండాల్సిన చోట నూనె మరక ఉంది, బస్సు లేదు.

మా ఆయన ముఖం అప్పుడు చూడాల్సింది. పెట్టెని రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకుని వెనక్కి పరుగు మొదలుపెట్టారు. అరవై మూడేళ్ళ మనిషి. నేను కాలు ఈడుస్తూ వెనకాల. పరుగెడుతూనే ఫోన్ తీసి అమ్మాయికి చేశాను. మోగుతూనే ఉంది గానీ ఎత్తలేదు. బండి తీసే ముందు ఫోన్ పెట్టెలో పడేసి తాళం వేయాలన్నది వాళ్ళ రూలని తర్వాత గుర్తొచ్చింది. "ఫోన్ చెయ్యకు" అని ఆయన ముందు నుంచి అరిచారు. అప్పటికే చేసేశానని నేను చెప్పలేదు.

ఏడో స్తంభం కనిపించింది. బస్సు ఉంది. తలుపు మూసి ఉంది, కుడివైపు దీపం కొట్టుకుంటోంది. మాకూ దానికీ మధ్య యాభై అడుగులు. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. లోపల దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి మా అమ్మాయి స్పష్టంగా కనిపించింది. దాని తల పక్క అద్దం వైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగిపోయింది. మమ్మల్ని చూసింది. పెట్టె మోస్తున్న తండ్రినీ, కుంటుతున్న తల్లినీ నా కన్నకూతురు అద్దంలో చూసింది.

తర్వాత తల ముందుకి తిప్పుకుంది. బస్సు కదిలింది.

నేను అక్కడే, ఆ రోడ్డు పక్కనే కూర్చుండిపోయాను. నోటికొచ్చిందల్లా తిట్టాను. తొమ్మిది నెలలు మోసిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. తిట్లన్నీ అయిపోయి ఊపిరి తీసుకోవడానికి ఆగాక, పక్కన మనిషి అలికిడి లేదేమిటా అని చూశాను. మా ఆయన పెట్టె దించి, దాని మీద చెయ్యి ఆనించి, దూరమవుతున్న ఎర్ర దీపాల వైపే చూస్తున్నారు. రొప్పుతున్నారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. కూతురు పుట్టిన రోజున కూడా ఆ ముఖం అలా వెలగలేదు, నేను చూశాను.

"పన్నెండూ నలభై. సెకను అటూ ఇటూ లేదు" అన్నారు.

స్టాపు పక్కన చిన్న గది ఉంది. బస్సులు బయల్దేరే టైము రాసుకునే టైంకీపరు అందులో కూర్చుంటాడు. ఈయన సరాసరి అక్కడికి వెళ్ళి, ఇప్పుడు వెళ్ళిన బండికి ఎంత రాశావో చూపించమన్నారు. టైంకీపరు మంచివాడే. బస్సు తప్పిన కోపంతో తగాదాకి వచ్చామనుకుని పుస్తకం తిప్పి చూపించాడు. పన్నెండూ నలభై అని ఉంది. ఆ అంకె మీద ఈయన వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. నేను ఉండబట్టలేక, ఆ బండి నడిపేది మా కూతురనీ, మమ్మల్ని చూసి కూడా వదిలేసి పోయిందనీ చెప్పేశాను. అతను నాలుక కరుచుకున్నాడు.

"ముందే ఒక్క మాట చెప్పుంటే బాగుండేది పెద్దాయనా. రెండు నిమిషాలు ఆపి, పుస్తకంలో నలభై అనే రాసేవాణ్ణి. అప్పుడప్పుడు సర్దుకుంటాం కదా" అన్నాడు.

అతను మా మేలు కోరే అన్నాడు. మా ఆయన మాత్రం పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు. గొంతు పెంచలేదు.

"అలా సర్దితే దాని ఉద్యోగం నువ్వు పెట్టిన భిక్ష అయ్యేది. ఇప్పుడది దాని సొంతం" అన్నారు.

ఆ మాట నాకు కూడా తగిలింది. కానీ నా కోపం అంత తొందరగా దిగేది కాదు. నేను పెట్టె లాక్కుని ట్యాక్సీల వరసలో నిలబడ్డాను. ఈయన రానన్నారు. అమ్మాయి బండి నాలుగింటికి తిరిగి వస్తుందట, నాలుగూ పదిహేనుకి మళ్ళీ బయల్దేరుతుందట, ఎక్కితే అదే ఎక్కుతారట. ఆరు నెలలు బతిమాలినా ఎక్కని మనిషి! వరసలో నా వంతు వచ్చింది. డ్రైవరు డిక్కీ కూడా తెరిచాడు. ఇంటికెళ్ళి పడుకుందామనే అనుకున్నాను. కానీ ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అననిదే నాకు ఎలాగూ నిద్ర పట్టదు. అది నాలుగింటికి వచ్చేది ఇక్కడికే. పెట్టె వెనక్కి తీసుకున్నాను. డ్రైవరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఒంటిగంటన్నరకి అమ్మాయి ఫోన్ చేసింది. మాట సరిగ్గా రావడం లేదు. చూశానమ్మా, చూశాను అని రెండుసార్లు అంది. రైలుకి వెళ్ళాల్సినవాళ్ళందరూ అందుకున్నారంది. ట్యాక్సీలో వెళ్ళిపొమ్మంది. దాచుకున్న నాలుగు మాటలూ నోటిదాకా వచ్చాయి. ఆ గొంతు విన్నాక అనలేకపోయాను. మీ నాన్న నీ బస్సే ఎక్కుతారట, నిదానంగా రా, అని పెట్టేశాను.

తర్వాత రెండున్నర గంటలు నేను బల్ల మీద కూర్చుని చూసిన వినోదం చెప్పాలి. మా ఆయన మామూలుగా మాటల పొదుపరి. ఆ రాత్రి ఆయన నోట్లో నువ్వుగింజ నానలేదు. నేల తుడిచే ఆవిడకి చెప్పారు. టీ మిషను దగ్గర కూర్చున్న మనిషికి చెప్పారు. ఖాళీగా ఉన్న ఇద్దరు ట్యాక్సీ డ్రైవర్లని పిలిచి మరీ చెప్పారు. సొంత తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తున్నా మా అమ్మాయి ఆపలేదయ్యా, టైమంటే టైమే, అని. అందరిదీ ఒకటే ముఖం, పాపం ఈ ముసలాయనకి ఏమైందో అన్నట్టు. ఆయన పట్టించుకోలేదు. అంతా తన పెంపకమేనన్నారు. పులి కడుపున చలిచీమలు పుడతాయా అన్నారు. ఆ పులి ఏ స్తంభం దగ్గర నిలబడాలో తెలియక యార్డులో తిరిగిందని నేను ట్యాక్సీ డ్రైవర్లకి చెప్పాను. ఆ భాగానికి వాళ్ళు బాగా నవ్వారు.

ఆయన్ని ఆటపట్టిస్తూ ఉండగానే నాలో ఏదో సర్దుకుంది. కోపం కింద ఇంకేదో ఉందని తెలుస్తూనే ఉంది. అది గర్వమని ఒప్పుకోవడానికి నాకు మూడింటిదాకా పట్టింది. ఆ బస్సు ఆగి ఉంటే నేను ఎక్కి, కాళ్ళు చాపుకుని, నా బంగారుతల్లి అనుకునేదాన్ని. తెల్లారాక ఆ బంగారుతల్లి టికెట్ల కిటికీలో కూర్చునేది. నేను దాని రాతని తిట్టేదాన్ని, నన్ను నేను తిట్టుకునేదాన్ని కాదు. చెయ్యెత్తి ఊపింది నేను. దాని ఉద్యోగం ఊడబెరకబోయింది నేను. నా చెయ్యి చూసి కూడా అది బండి తీసిందంటే, అది నాకంటే గట్టి మనిషి. నాకు ఏడుపొచ్చింది, అయినా హాయిగా ఉంది.

నాలుగింటికి బస్సు ఏడో స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. అమ్మాయి దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల ఎత్తకుండా వచ్చి నా చేతిలో పెట్టె అందుకుంది. మోకాలు ఎలా ఉందని అడిగింది. నీలాంటి కూతురుంటే మోకాలికేం, పరుగెడుతూ బాగుపడుతుందన్నాను. నేను ఆ రాత్రంతా దాచుకున్న నాలుగు మాటల్లోంచి అదొక్కటే బయటికొచ్చింది. వాళ్ళ నాన్న వైపు చూసింది. జనం ఎక్కుతున్నారు, నీ పని చూసుకోమన్నట్టు తల ఊపారు. తనవంతు వచ్చేదాకా వరసలో నిలబడి, టికెట్టు తీసుకుని ఎక్కారు. డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చున్నారు.

బస్సులో రాత్రి పని దిగిన ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. మెడకి దిండు తగిలించుకున్న ప్రయాణికులు నలుగురైదుగురు. బయల్దేరిన ఐదు నిమిషాలకే అందరూ నిద్రలో పడ్డారు. మా ఆయన మాత్రం అమ్మాయి చేతుల్నే చూస్తున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడిపాదం నేలని తొక్కుతోంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఏటి మీద పొడుగాటి వంతెన వచ్చింది. ఆ వంతెన అతుకుల దగ్గర ప్రతి బండీ ఎగిరిపడుతుంది, పగలు ఎన్నిసార్లు నా నడుము విరిగిందో. మా అమ్మాయి ప్రతి అతుకు దగ్గరా తగ్గించి, చక్రాన్ని మెల్లగా దించి, మళ్ళీ అందుకుంది. నిద్రపోతున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. అయినా వంతెన దిగేసరికి టైము సరిపోయింది.

"నేను ఇక్కడ తగ్గించేవాణ్ణి కాదు" అన్నారు ఆయన, నాతోనో తనతోనో.

నగరం మొదలైంది. వీధి స్తంభాలకి పసుపు రంగు దీపాలు మిణుకుమంటున్నాయి. రొట్టెల దుకాణం షట్టరు సగం లేచి ఉంది, ట్యాంకరు ఒకటి రోడ్డు కడుగుతోంది. ఒక్కో స్టాపులో ఇద్దరు ముగ్గురు దిగిపోతూ, దిగేటప్పుడు మా అమ్మాయికి వెళ్ళొస్తామని చెబుతున్నారు. కొందరు దాన్ని అక్కా అన్నారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన వెన్ను నిటారుగా అయింది.

ఆఖరి స్టాపు డిపో. బస్సు ఖాళీ అయింది. అమ్మాయి కాగితాలు తీసుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళింది. మేము సీట్లోంచే చూస్తున్నాం. లోపలి గుమాస్తా పేజీలు తిప్పాడు, లెక్క చూశాడు, ముద్ర కొట్టాడు. ఏదో చెప్పి చెయ్యి చాపాడు. మా అమ్మాయి చెయ్యి కలిపి వచ్చేసింది. ఆలస్యాలు రెండే, పది గంటలకి వచ్చి ఉత్తర్వు తీసుకోమన్నారు, అని చెప్పింది. ఉద్యోగం దానిదైపోయింది. కానీ అది నవ్వలేదు. కాగితాన్ని నలుపుతూ తలుపు దగ్గర మెట్టు మీద నిలబడింది.

"నాన్నా, అమ్మ కుంటుతూ రావడం అద్దంలో చూశాను. మీ భుజాన పెట్టె కూడా చూశాను. ఒక్క నిమిషం ఆగితే వచ్చేసేవారు" అంది. తర్వాత అడిగింది. "నా సీట్లో మీరుంటే ఆపేవారు కాదు కదా?"

ఆపేవాణ్ణి కాదు అంటారని దానికి తెలుసు. నాకూ తెలుసు. ఆ ఒక్క మాట వింటే దాని గుండె మీద బరువు దిగిపోతుంది. రాత్రంతా ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పిన మాటే, మరొక్కసారి చెబితే చాలు.

ఆయన స్టీరింగు వైపు చూశారు.

"ఆపేవాణ్ణి" అన్నారు.

అమ్మాయి అర్థం కానట్టు చూసింది.

"అక్కడ మీ అమ్మ ఉన్నా, నువ్వున్నా, ఆపేసేవాణ్ణమ్మా. నాకు ఆ పరీక్ష ఎప్పుడూ రాలేదు. ముప్పై రెండేళ్ళలో నా బస్సు వెనక మీరెవరూ పరుగెత్తలేదు. వాళ్ళెవరో పరుగెత్తారు, నేను వదిలేశాను. నన్ను గడియారమన్నారు." ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నారు. "రాత్రి నుంచీ నేనే నేర్పానని అందరికీ చెప్పుకున్నాను. నేను నేర్పలేదు. నాకది రాదు."

అమ్మాయి మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఆయన లేచి వెళ్ళి, ఆ ఇరుకు మెట్టు మీదే దాని పక్కన సర్దుకుని కూర్చున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన ఎవరి ముందైనా ఓడిపోయానని ఒప్పుకోవడం నేను చూడలేదు. ఆ తెల్లవారుజామున ఒప్పుకున్నారు. అంత గర్వంగా ఓడిపోయిన మనిషిని కూడా నేను అంతకుముందు చూడలేదు.